బయోటెక్నాలజీ, బయోమాన్యుఫ్యాక్చరింగ్ పీజీ: మన జిల్లాల పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బీఎస్సీ చదువుతున్న పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు ఫోన్లోనూ పెళ్ళిళ్ళలోనూ బస్టాండుల్లోనూ అడిగే ప్రశ్నలివి. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. మాది రణస్థలం వైపు. బయోలాజిక్స్, అంటే జీవకణాల నుంచి తీసే మందులు తయారుచేసే ప్లాంటులో క్వాలిటీ విభాగంలో పని చేస్తాను. అందుకే జవాబులు క్లాసురూము వైపు నుంచి కాకుండా ప్లాంటు వైపు నుంచి ఉంటాయి.

బయోమాన్యుఫ్యాక్చరింగ్ అంటే ఏమిటి? మామూలు ఎమ్మెస్సీ బయోటెక్నాలజీకీ దీనికీ తేడా ఉందా?

జీవకణాల చేత మందు తయారు చేయించి, దాన్ని శుద్ధి చేసి, సీసాలో నింపి, పాడవకుండా రోగి దాకా చేర్చడం బయోమాన్యుఫ్యాక్చరింగ్. ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. ఉద్దానంలో, కవిటి సోంపేట వైపు, డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు రక్తం పట్టడానికి ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఆ పదార్థాన్ని మూత్రపిండాలే తయారుచేస్తాయి. అవి చెడితే అది తగ్గి హిమోగ్లోబిన్ పడిపోతుంది. ఆ లోటు తీర్చే ఇంజెక్షన్ని చైనీస్ హ్యామ్‌స్టర్ అనే చిట్టెలుక అండాశయం నుంచి ఎప్పుడో తీసిన కణాల్లో పెంచుతారు. మనిషి జన్యువును ఆ కణాల్లో పెట్టి, ట్యాంకుల్లో పెంచి, అవి బయటికి వదిలిన ప్రోటీన్‌ను శుద్ధి చేస్తారు. అమెరికాలో దీనికి 1989లో అనుమతి వచ్చింది.

ఆ మందు పెట్టె మీద ఏముంటుందో ఈసారి చదవండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు, కుదపకూడదు అని ఉంటుంది. పారాసెటమాల్‌కి ఇన్ని జాగ్రత్తలు అక్కర్లేదు. అది చిన్న రసాయనం, ఇది పెద్ద ప్రోటీన్. దాని మడతలు చెదిరితే మందు పనిచేయదు, ఒక్కోసారి హాని కూడా చేస్తుంది.

మామూలు ఎమ్మెస్సీలో జన్యువును కణంలోకి ఎలా ఎక్కించాలో నేర్పుతారు. అదే పనిని 2,000 లీటర్ల ట్యాంకులో, మొదటి బ్యాచ్ ఎలా వచ్చిందో వందో బ్యాచ్ కూడా అలాగే వచ్చేలా, అలా వచ్చిందని కాగితం మీద రుజువు ఉండేలా చేయడం నేర్పేది బయోమాన్యుఫ్యాక్చరింగ్ ప్రొఫెషనల్ కోర్సు. మన దేశంలో బయోమాన్యుఫ్యాక్చరింగ్ అనే పేరుతోనే ఉన్న డిగ్రీలు తక్కువ. బయోప్రాసెస్ టెక్నాలజీ, ఇండస్ట్రియల్ బయోటెక్నాలజీ, ఫెర్మెంటేషన్ టెక్నాలజీ అన్న పేర్లతో వెతకండి. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ అని మామూలు పేరున్న కోర్సులో కూడా బయోప్రాసెస్ ఇంజినీరింగ్ పేపరు, కంపెనీలో చేసే చివరి సెమిస్టర్ ప్రాజెక్టు ఉంటే అదీ పనికొస్తుంది.

ఇదేమైనా కొత్త మోజా? నాలుగేళ్ళలో చప్పబడిపోతుందా?

మోజు కాదు. జన్యుమార్పిడి చేసిన బ్యాక్టీరియాతో తయారైన ఇన్సులిన్‌కు 1982లోనే అనుమతి వచ్చింది. మన తెలుగు నేల మీద వరప్రసాదరెడ్డి గారు 1993లో పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను మార్కెట్లోకి తెచ్చింది. మన దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ (జన్యుమార్పిడితో చేసిన) ఉత్పత్తి అదే. కోవిడ్ రోజుల్లో భారత్ బయోటెక్ కోవాగ్జిన్, బయోలాజికల్-ఇ వారి కోర్బెవాక్స్ రెండూ హైదరాబాద్ నుంచే వచ్చాయి. కోర్బెవాక్స్‌లోని ప్రోటీన్‌ను ఈస్ట్ కణాల్లో తయారుచేశారు.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం బయోఈ3 విధానానికి ఆమోదం తెలిపింది. జీవ ఉత్పత్తులను పెద్ద ఎత్తున తయారుచేయడాన్ని ప్రోత్సహించాలన్నది దాని ఉద్దేశం. దాన్ని చూపించి రేపే ఉద్యోగాలు కుప్పలుతెప్పలుగా వస్తాయని చెప్పే కాలేజీ బ్రోచర్లను మాత్రం నమ్మొద్దు. విధానం రావడానికీ ప్లాంటు లేవడానికీ మధ్య ఏళ్ళు పడుతుంది.

పైడిభీమవరంలో అన్ని ఫార్మా కంపెనీలు ఉన్నాయి కదా? చదువు అవగానే ఇంటి దగ్గరే ఉద్యోగం వస్తుందా?

దాదాపు ప్రతి తండ్రీ అడిగే ప్రశ్న ఇది. పైడిభీమవరంలో అరబిందో, డాక్టర్ రెడ్డీస్ లాంటి పెద్ద కంపెనీల యూనిట్లు ఉన్న మాట నిజమే. అయితే అక్కడ ప్రధానంగా జరిగేది రసాయన సంశ్లేషణ. రియాక్టర్లలో సాల్వెంట్లతో మందుల ముడిసరుకు చేస్తారు. అందులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్ళకే మొదటి పీట. బయోటెక్ వాళ్ళకు అక్కడ దొరికేది ఎక్కువగా మైక్రోబయాలజీ ల్యాబ్, క్వాలిటీ విభాగాల్లోనే, అదీ కొద్ది పోస్టులు.

ఫెర్మెంటేషన్, అంటే ట్యాంకుల్లో సూక్ష్మజీవులను పెంచి మందు తీసే పని, దగ్గర్లో కావాలంటే కాస్త దక్షిణానికి చూడాలి. విశాఖలో బయోకాన్ సంస్థ ఫెర్మెంటేషన్ పద్ధతిలో ఇమ్యునోసప్రెసెంట్ (రోగనిరోధక శక్తిని తగ్గించే) మందుల ముడిసరుకు చేసే ప్లాంటు పెట్టింది. కాకినాడ జిల్లాలో అరబిందో అనుబంధ సంస్థ లైఫియస్ 2024లో పెన్సిలిన్-జి ఉత్పత్తి మొదలుపెట్టింది. పెన్సిలిన్-జి బూజు జాతి శిలీంధ్రం నుంచి వస్తుంది కాబట్టి అది అచ్చంగా మన పనే. టీకాలు, యాంటీబాడీ మందులు, బయోసిమిలర్లు (పాత బయోలాజిక్ మందులకు దీటుగా చేసేవి) కావాలంటే మాత్రం ఆమదాలవలసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాల్సిందే. హైదరాబాద్ చుట్టుపక్కల జీనోమ్ వ్యాలీ, మేడ్చల్, బాచుపల్లి దాకా వెళ్ళాలి, లేదా బెంగళూరు, పుణె. మొదటి నాలుగైదేళ్ళు ఇంటికి దూరంగా ఉండటానికి ఇష్టం లేకపోతే ఈ దారి వద్దనే చెబుతాను.

ప్లాంటులో రోజువారీ పని ఎలా ఉంటుంది?

ఒక సీసా వెంట నడిచి చూద్దాం. ద్రవ నైట్రోజన్‌లో దాచిన ఒక చిన్న సీసా ఉంటుంది, ఒక మిల్లీలీటరు కణాలు అంతే. దాన్ని 37 డిగ్రీల నీటిలో కరిగించి చిన్న ఫ్లాస్కులో వేస్తారు. కణాలు పెరిగాక పెద్ద ఫ్లాస్కు, ఆ తర్వాత ఊగే సంచి, తర్వాత చిన్న బయోరియాక్టర్ (కణాలను పెంచే ట్యాంకు), చివరికి ఉత్పత్తి బయోరియాక్టర్. ఇ.కోలై బ్యాక్టీరియా అనుకూలమైన పోషక ద్రవంలో 20 నిమిషాలకు రెట్టింపవుతుంది. ఈ చిట్టెలుక కణాలకు దాదాపు ఒక రోజు పడుతుంది. అందుకే సీసా తెరిచిన రోజు నుంచి కోత దాకా వారాలు గడుస్తాయి. ఆ మధ్యలో ఒక్క బ్యాక్టీరియా చొరబడిందా, గంటల్లో అదే మొత్తం ట్యాంకును ఆక్రమిస్తుంది. కోట్ల రూపాయల బ్యాచ్ కాలువ పాలు.

ట్యాంకు లోపల ఏం చూస్తామో రొయ్యల చెరువు ఉన్న ఇంటి పిల్లలకు చెప్పడం తేలిక. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని మీ నాన్న ఏరేటర్లు తిప్పుతాడు, పీహెచ్ చూస్తాడు, అమ్మోనియా చూస్తాడు, మేత ఎక్కువైతే తిడతాడు. బయోరియాక్టర్‌లో కూడా కరిగిన ఆక్సిజన్, పీహెచ్, అమ్మోనియా, గ్లూకోజ్ మేత ఇవే చూస్తాం. చెరువుకు వాన, ఎండ, పక్కవాడి చెరువు నీళ్ళు ఉంటాయి. ఇక్కడ అవేవీ రాకుండా గోడలు కట్టుకుని కూర్చుంటాం. దీన్ని అప్‌స్ట్రీమ్ అంటారు.

కోత అయ్యాక డౌన్‌స్ట్రీమ్. కణాలను వడగట్టి, యాంటీబాడీ అయితే ప్రోటీన్-ఎ అనే ఖరీదైన రెజిన్ (సన్నని పూసలు) నింపిన కాలమ్ అనే గొట్టం గుండా పంపుతారు. కావాల్సింది అతుక్కుంటుంది, అక్కర్లేనిది కారిపోతుంది. ఆపైన ఆమ్ల ద్రావణంలో కొంతసేపు ఉంచి వైరస్‌లను నిర్వీర్యం చేస్తారు, మరో రెండు కాలమ్‌లు, వైరస్ ఫిల్టర్, గాఢత పెంచడం. చివరికి ఫిల్-ఫినిష్, అంటే సీసాల్లో నింపడం. అది మొత్తం పనిలోకెల్లా కఠినమైన గది. నింపే చోట ఒక ఘనమీటరు గాలిలో అర మైక్రాన్, అంతకు పైబడిన రేణువులు 3,520 దాటకూడదు. అక్కడికి వెళ్ళే మనిషి కళ్ళద్దాల నుంచి బూటు తొడుగు దాకా కప్పుకుని, ఏది ముందు ఏది వెనుక అన్న వరుస తప్పకుండా తొడుక్కోవాలి. దుస్తుల కొస నేలకు తగిలితే ఆ జత పక్కన పడేసి మళ్ళీ మొదలు. గదిలో చేతులు విసురుగా ఊపకూడదు, నెమ్మదిగా కదలాలి. బయటికి వచ్చేటప్పుడు చేతి తొడుగు వేళ్ళను అగర్ ప్లేటు (సూక్ష్మజీవులు పెరిగే జెల్లీ పళ్ళెం) మీద ఒత్తి వెళ్ళాలి. రోజుల తర్వాత ఆ ప్లేటు మీద ఏదైనా మొలిస్తే మీకు పిలుపు వస్తుంది.

ఇక కాగితం పని. చాలామందికి ఇదే షాక్. పనిలో దాదాపు సగం రాతే. ఎన్ని గంటలకు వాల్వు తెరిచారో, ఎంత తూకం వచ్చిందో, ఎవరు చేశారో, పక్కన ఉండి ఎవరు చూశారో బ్యాచ్ రికార్డులో అప్పటికప్పుడే రాయాలి. తప్పు పడితే వైట్‌నర్ పూయడం, గీకడం కుదరదు. ఒక్క అడ్డగీత కొట్టి, కింద ఉన్న అంకె కనబడేలా ఉంచి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, కారణం. షిఫ్టు చివర గుర్తు చేసుకుని రాద్దాంలే అనేవాళ్ళు ఈ రంగంలో నిలవరు. ప్లాంటు భాషలో ఒక మాట ఉంది: రాయలేదంటే చేయలేదనే లెక్క. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్ వచ్చినా, మన డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చినా ముందు అడిగేది ఆ పుస్తకాలనే. మందుల తయారీ నాణ్యతకు మన దేశంలో ఉన్న షెడ్యూల్-ఎమ్ నిబంధనలను కూడా 2023 డిసెంబరులో సవరించి గట్టి చేశారు కాబట్టి చిన్న కంపెనీల్లోనూ ఇప్పుడిదే పద్ధతి.

మన దగ్గర ఎక్కడ చదవొచ్చు?

ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ఉంది. విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉండనే ఉంది. ఇవన్నీ రెండేళ్ళ కోర్సులు, నాలుగు సెమిస్టర్లు. ఫీజు తక్కువ, ఇంటికి దగ్గర. వీటిల్లో చదివితే తక్కువ అనుకోవద్దు. కంపెనీకి కావాల్సింది మీరు చేసిన ప్రాజెక్టు, మీ చేతి పని. మొదటి ఉద్యోగం తర్వాత యూనివర్సిటీ పేరు ఎవరూ అడగరు.

అయితే ఈ కోర్సులు ప్రధానంగా సైన్స్ కోర్సులు, ప్లాంటు కోర్సులు కావు. ఆ లోటు మీరే పూడ్చుకోవాలి. నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు ఊళ్ళోని ల్యాబులో కాకుండా ఏదైనా ప్లాంటులో చేయడానికి రెండో సెమిస్టర్ నుంచే గైడ్‌ను అడుగుతూ ఉండండి. చివరి నిమిషంలో అడిగితే మిగిలేది ఆకుల రసం తీసి యాంటీబ్యాక్టీరియల్ పరీక్ష చేసే ప్రాజెక్టే. దాన్ని ఇంటర్వ్యూలో చెప్పుకుని లాభం లేదు.

ఏ ఎంట్రన్స్ రాయాలి?

రాష్ట్ర యూనివర్సిటీలకు ఏపీ పీజీసెట్. బయోటెక్నాలజీకి లైఫ్ సైన్సెస్ పేపరు రాయాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ-పీజీ. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్. ఎంటెక్‌కి గేట్‌లో బయోటెక్నాలజీ పేపరు. ఎమ్మెస్సీ చేసినవాళ్ళు కూడా గేట్ రాసి కొన్నిచోట్ల ఎంటెక్‌లో చేరొచ్చు.

మన పిల్లలు పట్టించుకోనిది గ్యాట్-బి. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సహాయంతో నడిచే పీజీ కోర్సులకు ఇది ప్రవేశ పరీక్ష. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎమ్మెస్సీ బయోటెక్నాలజీకి కూడా దీని ద్వారానే వెళ్ళాలి. ఈ కోర్సుల్లో సీటు వస్తే ఎమ్మెస్సీకి నెలకు 5,000, ఎంటెక్‌కి 12,000 స్టైపెండ్ ఇస్తారు. పరీక్షలో మొదటి భాగం 60 ప్రశ్నలు, ఇంటర్ స్థాయి ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ. రెండో భాగంలో 100 ప్రశ్నలిచ్చి 60 రాయమంటారు. రెండిట్లోనూ నెగెటివ్ మార్కులుంటాయి. బైపీసీ పిల్లలు చతికిలబడేది మొదటి భాగంలోని లెక్కల దగ్గరే. సంభావ్యత, లాగరిథమ్‌లు, గ్రాఫులు, ఈ మూడు ఒక వేసవి సెలవుల్లో కూర్చుని చేసుకుంటే సరిపోతుంది. రెండో భాగం కోసం కొత్తగా ఏమీ అక్కర్లేదు, డిగ్రీ పుస్తకాలు నిజంగా చదివి ఉంటే చాలు.

కాలేజీ మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి? అందరూ వంద శాతం ప్లేస్‌మెంట్లు అంటున్నారు.

ప్లేస్‌మెంట్ బోర్డు వదిలేయండి. నేరుగా వెళ్ళి ఫెర్మెంటర్ చూపించమనండి. దాని మీద దుమ్ము గుడ్డ కప్పి ఉందా, గొట్టాలు తగిలించి ఉన్నాయా చూడండి. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసి ఉంటే మీకు అర్థమైపోతుంది. ఆఖరిసారి ఎప్పుడు నడిపారో లాగ్‌బుక్ అడగండి. ఆ తర్వాత రెండో ఏడాది చదువుతున్న ఒక విద్యార్థిని పక్కకు పిలిచి ఒకే ప్రశ్న వేయండి: "పీహెచ్ ప్రోబ్ నువ్వే కాలిబ్రేట్ చేశావా?" చేసినవాళ్ళు 4 బఫరు, 7 బఫరు, మధ్యలో స్వేదనజలంతో కడగడం అని టకటకా చెబుతారు. చేయనివాళ్ళు "మేడం డెమో చూపించారు" అంటారు. ముప్పై మంది గుండ్రంగా నిలబడి చూసిన డెమో ప్రాక్టికల్ కాదు.

ఇంకా అడగాల్సినవి: హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) మీద విద్యార్థి చేయి పెట్టనిస్తారా, జీఎమ్‌పీ (మందుల తయారీలో పాటించాల్సిన మంచి పద్ధతులు) గురించి పేపరు ఉందా, దాన్ని చెప్పేవాళ్ళు ఎప్పుడైనా ప్లాంటులో పని చేశారా. ముందు బ్యాచ్ వాళ్ళ ఫోన్ నంబర్లు ఇవ్వడానికి కాలేజీ వెనకాడితే మీరూ వెనకాడండి.

ఫీజు, లోను సంగతి?

ప్రభుత్వ యూనివర్సిటీలో ఫీజు భారం కాదు, హాస్టలు, మెస్సు ఖర్చులే ఎక్కువ. ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీల్లో లక్షల్లో ఉంటుంది. పీజీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ నిబంధనలు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చాయి. సీనియర్‌కి వచ్చింది కదా అని ధీమా పడకుండా మీరు చేరే ఏడాది జీవో ఏముందో కాలేజీ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి.

విద్యారుణం 4 లక్షల వరకు తనఖా అడగకూడదు. 4 నుంచి 7.5 లక్షల వరకు కొన్ని బ్యాంకులు హామీదారును అడగొచ్చు, ఆపైన సాధారణంగా ఆస్తి తనఖా. ఎంపిక చేసిన మంచి ర్యాంకు సంస్థల్లో సీటు వస్తే 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి కింద హామీ, తనఖా లేకుండానే ఇస్తారు. చదువు కాలం, ఆపైన ఒక ఏడాది దాకా వాయిదాలు కట్టక్కర్లేదు, కానీ ఆ కాలంలో కూడా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఈ సంగతి బ్యాంకు మేనేజర్ చెబుతాడు, మనమే వినం.

నా అభిప్రాయం అడిగితే, ఇక్కడి ఎమ్మెస్సీ కోసం పెద్ద అప్పు చేయొద్దు. కింద జీతం సంగతి చదివాక ఎందుకో తెలుస్తుంది.

జీతం ఎంత?

మొదట్లో తక్కువే. ఎమ్మెస్సీ ఫ్రెషర్‌కి సాధారణంగా ఏడాదికి రెండున్నర నుంచి నాలుగు లక్షల మధ్య చెబుతారు. అందులో పీఎఫ్, బోనస్ లాంటివి పోగా చేతికి వచ్చేది వేరు. ఆఫర్ లెటర్‌లో చేతికొచ్చే మొత్తం ఎంతో, షిఫ్టు అలవెన్సు, కంపెనీ బస్సు, క్యాంటీన్ ఉన్నాయో లేదో అడిగి తెలుసుకోండి. ఊరి బయట ప్లాంటుకు కంపెనీ బస్సు ఉండటం అంటే సగం జీతం మిగిలినట్టే. సాఫ్ట్‌వేర్‌లో చేరిన క్లాస్‌మేట్‌తో పోల్చుకుంటే మొదటి రెండేళ్ళు మనసు కష్టపడుతుంది. ఆ రెండేళ్ళలో బయోరియాక్టర్ గానీ, ప్రోటీన్‌ను శుద్ధి చేసే క్రొమటోగ్రఫీ స్కిడ్ గానీ సొంతంగా నడపగలిగే స్థాయికి వస్తే తర్వాతి కంపెనీలో జీతం బాగానే ఎగురుతుంది. ఎందుకంటే ఆ పని పుస్తకం చదివి వచ్చేది కాదు, చేసినవాళ్ళు తక్కువ.

మా అమ్మాయికి నైట్ షిఫ్టులు ఉంటాయా?

ప్రొడక్షన్‌లో ఎ, బి, సి షిఫ్టులు తప్పవు, కణాలకు ఆదివారం తెలియదు. మహిళలకు రాత్రి షిఫ్టు వేయాలంటే వాళ్ళ సమ్మతి కావాలి, రవాణా, భద్రత కంపెనీయే చూడాలి. ఆడపిల్లలు ఎక్కువగా ఉండేది క్యూసీ (నాణ్యత పరీక్షించే) ల్యాబ్, క్యూఏ (నాణ్యతకు హామీ ఇచ్చే విభాగం), ఆర్ అండ్ డీ (పరిశోధన)లో. అక్కడ జనరల్ షిఫ్టు ఎక్కువ. కానీ ఆడపిల్ల అని ప్రొడక్షన్ వద్దనకండి అమ్మా. అప్‌స్ట్రీమ్‌లో నేను చూసిన మంచి ఆపరేటర్లలో అమ్మాయిలు చాలామంది. పెళ్ళి సంబంధాలకు ఇబ్బంది అంటారా, దానికి నా దగ్గర జవాబు లేదు.

తెలుగు మీడియంలో చదివాను. ఇబ్బందా?

ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చేయాలో వరుసగా రాసిన కాగితాలు), బ్యాచ్ రికార్డులు అన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. కానీ అది చిన్న చిన్న వాక్యాల ఇంగ్లిష్. వాల్వు తెరువు, పది నిమిషాలు ఆగు, రీడింగ్ రాయి, అంతే. ఆరు నెలల్లో అలవాటవుతుంది. కష్టం ఎక్కడంటే, ఏదైనా తేడా జరిగినప్పుడు డీవియేషన్ రిపోర్టు రాయాలి. ఏం జరిగింది, ఎప్పుడు, ఎవరు గమనించారు, మందు మీద ప్రభావం ఉందా లేదా అని వరుసగా రాయడం. దానికి ఇప్పటి నుంచే రోజూ ప్రాక్టికల్‌లో జరిగినదాన్ని పది వాక్యాల్లో మీ సొంతంగా రాసుకోండి. రికార్డు పుస్తకం కాపీ కొట్టడం మానేయండి, అది ఈ ఉద్యోగానికి పూర్తిగా ఎదురు అలవాటు.

బీటెక్ కెమికల్, బీఫార్మసీ, ఆక్వా చదివినవాళ్ళు రావొచ్చా?

రావొచ్చు. కెమికల్ ఇంజినీర్లు ఆక్సిజన్ బదిలీ, స్కేల్-అప్ లెక్కల్లో మనకంటే ముందుంటారు. వాళ్ళు కణ జీవశాస్త్రం నేర్చుకోవాలి. బీఫార్మసీ వాళ్ళకు నిబంధనలు, ఫిల్-ఫినిష్ తేలిక. చేరబోయే యూనివర్సిటీ అర్హతల జాబితాలో మీ డిగ్రీ ఉందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

అమెరికా, ఐర్లండ్ వెళ్ళి ఈ ప్రొఫెషనల్ మాస్టర్స్ చేస్తే?

అసలు ఈ రకం కోర్సు పుట్టింది అక్కడే. థీసిస్ బదులు ఇంటర్న్‌షిప్, సైన్స్ పేపర్లతో పాటు నాణ్యత, నియంత్రణ చట్టాలు, ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ ఉంటాయి. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో బీటెక్ అని పిలిచే బయోమాన్యుఫ్యాక్చరింగ్ శిక్షణ కేంద్రం ఉంది, మన బీటెక్ డిగ్రీకి దానికి సంబంధం లేదు. నిజమైన ప్లాంటులాగే కట్టి అందులో నేర్పుతారు. డబ్లిన్‌లో ఎన్ఐబీఆర్‌టీ అలాంటిదే.

చదువు బాగుంటుంది, అందులో సందేహం లేదు. ఆలోచించాల్సింది ఆ తర్వాతి సంగతి. అమెరికాలో స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోవకు చెందిన) డిగ్రీకి ఓపీటీ, అంటే చదువయ్యాక పని చేసుకునే అనుమతి, ఒక ఏడాది, పొడిగింపు రెండేళ్ళు. ఐర్లండ్‌లో మాస్టర్స్ తర్వాత రెండేళ్ళ దాకా ఉండొచ్చు. ఈ లోపు వీసా స్పాన్సర్ చేసే ఉద్యోగం దొరకాలి. ప్లాంటు ఫ్లోర్ మీద మాన్యుఫ్యాక్చరింగ్ అసోసియేట్ పనికి అక్కడి స్థానికులే రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీ కోర్సు చేసి వస్తారు. వాళ్ళుండగా విదేశీయుడికి స్పాన్సర్ చేయడానికి కంపెనీలు అంతగా మొగ్గు చూపవు. ప్రాసెస్ డెవలప్‌మెంట్, వాలిడేషన్, ప్రాసెస్ ఇంజినీరింగ్ అయితే అవకాశం మెరుగు. కాబట్టి డిగ్రీ అవగానే పొలం తాకట్టు పెట్టి వెళ్ళేకన్నా, ఇక్కడ రెండు మూడేళ్ళు ప్లాంటులో చేసి ఆ అనుభవంతో వెళ్ళడం మేలు. అక్కడ క్లాసులోనూ, ఉద్యోగ వేటలోనూ మీది ముందు వరుస అవుతుంది.

ఇంటర్వ్యూలో ఏమడుగుతారు?

పెద్ద సిద్ధాంతాలు అడుగుతారని భయపడి, చిన్న లెక్క దగ్గర తడబడేవాళ్ళే ఎక్కువ. 10ఎక్స్ బఫర్ నుంచి 1ఎక్స్ బఫర్ 2 లీటర్లు చేయాలంటే ఎంత తీసుకుంటావు? 200 మిల్లీలీటర్లు తీసుకుని మిగతాది నీళ్ళతో 2 లీటర్లకు తేవాలి. ఇది అడిగితే కాగితం కోసం చూడకూడదు. బ్యాక్టీరియా ఓడీ (ద్రవం ఎంత మసకగా ఉందో చెప్పే కొలత) 600 నానోమీటర్ల దగ్గర ఎందుకు చూస్తారు? స్టెరిలైజేషన్‌కీ శానిటైజేషన్‌కీ తేడా? ఆటోక్లేవ్ 121 డిగ్రీలే ఎందుకు? రాత్రి రెండు గంటలకు ట్యాంకులో ఆక్సిజన్ పడిపోతోంది, ఏం చేస్తావు? ఆఖరి ప్రశ్నకు హీరోలా నాలుగు బటన్లు నొక్కేస్తానని చెప్పకండి. ఎస్‌ఓపీలో ఏముందో చూస్తాను, సూపర్వైజర్‌కి చెబుతాను, సమయంతో సహా రాస్తాను అనేవాడికే ఉద్యోగం.

బయోడేటాలో పీసీఆర్, ఎలైసా, వెస్టర్న్ బ్లాట్ లాంటి ల్యాబ్ పరీక్షలన్నీ రాసి, ఒక్కటీ సొంతంగా చేయకపోతే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. చేసినవే రాయండి, మూడైనా ఫరవాలేదు.

డబ్బు కడితే బయోటెక్ కంపెనీలో ఉద్యోగం ఇప్పిస్తామని కన్సల్టెన్సీ ఫోన్ చేసింది.

కట్టొద్దు. పేరున్న కంపెనీలు అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకోవు. ఇంకో రకం మోసం, దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డు చూస్తారు, అక్కడ బయటపడుతుంది. రికార్డులు నిజాయితీగా రాయడమే ఉద్యోగమైన చోట దొంగ కాగితంతో దొరికితే ఇక ఆ రంగంలో తలెత్తుకోలేరు. దీనికన్నా కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని ఏడాది అప్రెంటిస్‌గా చేరడం వెయ్యి రెట్లు నయం.

ఆరోగ్యం విషయంలో ఏమైనా అడ్డంకులు ఉంటాయా?

దీన్ని ఎవరూ ముందు చెప్పరు. పెన్సిలిన్ పడనివాళ్ళు ఆ రకం మందుల ప్లాంటులో పని చేయకూడదు. చర్మవ్యాధి, తగ్గని దగ్గు ఉంటే ఫిల్-ఫినిష్ గదిలోకి పంపరు. సీసాలను వెలుగులో పెట్టి నలకలు వెతికే విజువల్ ఇన్‌స్పెక్షన్ పనికి చూపు పరీక్ష, రంగుల పరీక్ష ఉంటాయి. రంగులు గుర్తించడంలో లోపం ఉందని చేరేనాటి మెడికల్‌లో తెలుసుకుని బాధపడేకన్నా, ఇప్పుడే ఏ కంటి ఆసుపత్రిలోనైనా చూపించుకోండి, ఐదు నిమిషాల పని. అది ఉన్నా క్యూఏ, డాక్యుమెంటేషన్‌లో ఏ ఇబ్బందీ లేదు.

ప్రభుత్వ ఉద్యోగాలు ఉన్నాయా?

డ్రగ్ ఇన్‌స్పెక్టర్ అవ్వొచ్చని చాలామంది అనుకుంటారు. దానికి ఫార్మసీ డిగ్రీ, లేదా నిర్దేశించిన స్పెషలైజేషన్‌తో వైద్య డిగ్రీ ఉండాలి, ఎమ్మెస్సీ బయోటెక్ చాలదు. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కు మాత్రం బయోటెక్నాలజీ డిగ్రీ అర్హతే. లెక్చరర్ కావాలన్నా, పీహెచ్‌డీకి ఫెలోషిప్ కావాలన్నా సీఎస్ఐఆర్-నెట్‌లో లైఫ్ సైన్సెస్ రాయాలి. నోటిఫికేషన్ కోసం ఏళ్ళ తరబడి గదిలో కూర్చోవద్దు. ప్లాంటులో చేరి, సెలవు రోజుల్లో చదివి నెట్ కొట్టినవాళ్ళున్నారు.